సణుగుడు లేని బడి

నిరీక్షణమ్మ జాంబియా వచ్చి నాలుగేళ్లయింది. ఆ దేశం మీద ఆవిడకు ఏ పితూరీ లేదు. మనుషులు మంచివాళ్లు, గాలి చల్లన, మొక్కజొన్న పిండి ముద్ద కూడా అలవాటైపోయింది. ఆవిడ పితూరీ అంతా ఆడపిల్లల హాస్టలు పైకప్పు మీదే.

భర్త సత్యానందం మాస్టారు అక్కడి మిషన్ స్కూల్లో లెక్కలు చెబుతాడు. ఆవిడ హాస్టలుకు మేట్రన్. నర్సాపురం దగ్గర ఓ ఎయిడెడ్ బడిలో కాలక్షేపం చేసుకుంటున్న మనుషులు. సేవకు పిలుపు వచ్చిందనగానే సంఘమంతా వాళ్లను చర్చిలో ముందు నిలబెట్టి, తలల మీద చేతులుంచి, గంటన్నర ప్రార్థన చేసి విమానం ఎక్కించింది. స్కూలు పేరు చెప్పడం బాగుండదు. చెబితే అది కూడా సణుగుడు కిందికే వస్తుంది.

హాస్టలు కప్పు రేకులది. రేకులు పాతవి, అక్కడక్కడా చిల్లులు పడ్డా మొండివి. అసలు గొడవంతా వాటి కిందున్న దూలాలతో. చెదలు వాటిని లోపల్నుంచి తినేసి, మర్యాదకు పైన బెరడు మాత్రం వదిలిపెట్టాయి. గోరుతో గీకితే పిండి రాలుతుంది. ఆ దూలాల కింద అరవైమంది ఆడపిల్లలు పడుకుంటారు. వానాకాలం వచ్చిందంటే నిరీక్షణమ్మకు కంటిమీద కునుకుండదు. ఆవిడ డైరెక్టరు గారి చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. పోరగా పోరగా ప్రధాన కార్యాలయం కరిగింది. కొత్త దూలాలూ రేకులూ నవంబరు వానలకు ముందే వస్తాయని కబురు పంపింది. ఆ రోజు ఆవిడ సేమ్యా పాయసం కాచి పిల్లలందరికీ పోసింది.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు డాక్టర్ ప్లమ్లీ గారు ఓ మహాసభకు వెళ్లొచ్చారు.

మహాసభలకు వెళ్లొచ్చిన వాళ్లు ఊరికే ఉండలేరు. ఏదో ఒకటి పట్టుకొస్తారు. ఆయన ఓ దర్శనం పట్టుకొచ్చారు. సోమవారం పొద్దున్నే అందర్నీ ప్రార్థన మందిరంలో కూర్చోబెట్టారు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే. కాని ఆయన ధోరణి ఎలాంటిదంటే, అది నిరీక్షణమ్మ చెవికి చేరేసరికి చిన్నప్పుడు చర్చిలో విన్న పాత గ్రాంథికంలోకి దానంతటదే మారిపోయేది.

"ప్రియ సహపనివారలారా! అరణ్యములో నలుబది ఏండ్లు తిరుగులాడిన ఆ జనులు వాగ్దాన దేశమును ఏల చూడకపోయిరి? దూరము చేతనా? కాదు. దాహము చేతనా? కాదు. సణుగుడు చేత! కావున నేటి నుండి మన ప్రాంగణము సణుగుడు రహిత ప్రాంగణముగా ప్రకటింపబడుచున్నది. విరిగినది, చిరిగినది, లేదు, చాలదు అను మాటలు ఇకమీదట ఇచ్చట వినబడరాదు. ప్రతి సంగతియు కృతజ్ఞతా రూపముననే పలుకబడవలెను."

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే అదే మొదటి సణుగుడు అవుతుందని అప్పటికే అందరికీ అర్థమైంది.

ఫిర్యాదుల పెట్టెకు పసుపు రంగు వేసి కృతజ్ఞతల పెట్టె చేశారు. ఎవరైనా నోరు జారితే పట్టుకుని పేరు రాసుకోవడానికి ఓ ఆనంద పర్యవేక్షకుణ్ణి నియమించారు. ఆ పదవి సత్యానందం మాస్టారికి దక్కింది. పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఎదురు చెప్పని మనిషి స్టాఫు మొత్తంలో ఆయనొక్కడే. చొక్కాకు పసుపు రిబ్బను గుచ్చుకుని ఇంటికొస్తే నిరీక్షణమ్మ ఎగాదిగా చూసింది.

"ఎవరి పెళ్లండీ?" అంది.

మొదటి నెల సరదాగానే గడిచింది. చిక్కుళ్లలో పురుగులొస్తే, వంటమనిషి మిసెస్ బ్వాల్యా గంటె పైకెత్తి, ఈ పూట మాంసం కూడా దయచేసినందుకు వందనాలు చెప్పింది. కడుపునొప్పితో వచ్చిన కుర్రాడు నర్సు ముందు నిలబడి, తనకు కడుపు ఉన్నందుకు కృతజ్ఞతలు చెప్పాడు. పాపం ఆ నర్సమ్మ, తల ఉన్నందుకు, కాళ్లు ఉన్నందుకు కూడా కృతజ్ఞతలు చెబుతాడేమోనని ఎదురు చూసింది. చెప్పలేదు కనుక నొప్పి కడుపులోనేనని తేల్చుకుని మాత్ర ఇచ్చింది. వైద్యం ఆ పద్ధతిలోనే సాగింది.

లెక్కల క్లాసులో సత్యానందం మాస్టారి తల ప్రాణం తోకకొచ్చింది. ఏడెనిమిదులు యాభై నాలుగని బోర్డు మీద రాశాడో పిల్లాడు. తప్పు అనకూడదు. అదే సణుగుడు.

"మంచిది నాయనా. ఈ జవాబు ఇంకా ప్రయాణంలో ఉంది" అన్నాడాయన.

పరీక్షలయ్యేసరికి క్లాసులో సగం జవాబులు ప్రయాణంలోనే ఉండిపోయాయి. పేపర్లు దిద్దుతూ ఒక్కో దానికీ శుభయాత్ర అని రాసి పక్కన పెట్టేవాడు.

స్కూల్లో ఎంతైనా భరించొచ్చు. ఆయన ఆ రిబ్బను ఇంట్లో కూడా తీయడం మానేశాడు. నిరీక్షణమ్మకు చిర్రెత్తుకొచ్చింది. ఓ మధ్యాహ్నం పప్పుచారు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఎలా ఉందండీ?"

"స్తోత్రం. వేడిగా ఉంది."

"ఉప్పో?"

"ఉప్పు... రానున్న ఆశీర్వాదం."

"వెయ్యలేదండీ బాబూ! కావాలనే వెయ్యలేదు. మొన్నటి నుంచీ వెయ్యట్లేదు. ఎప్పుడడుగుతారా అని చూస్తన్నాను. ఇంట్లో కూడా ఏవిటండీ ఈ వేషాలు? ఇక్కడెవరున్నారు వినడానికి?"

"ఇంట్లో అలవాటు తప్పితే అక్కడ నోరు జారతానే. మనల్ని నమ్మి పంపేరు సంఘంవాళ్లు. గొడవలు పడి తిరిగొచ్చేరన్న మాట రాకూడదు."

"మాట సంగతి సరే. కప్పు సంగతేవిటి?"

"వస్తాయన్నారు కదా రేకులు. ఓపిక పట్టు."

ఆవిడ లేచి ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు ఠపీమని పెట్టింది. ఆయన దాని వంక ఆశగా చూశాడు గాని ముట్టుకోలేదు. వేసుకుంటే చాలలేదని ఒప్పుకున్నట్టవుతుంది. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆయన మీద ఆవిడకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. అంత జాలి కూడా ఎప్పుడూ వేయలేదు.

ఆగస్టులో ప్రధాన కార్యాలయానికి నివేదిక పంపాలి. ఎవరి విభాగం గురించి వాళ్లు రాయాలి, రాసేది కృతజ్ఞతా రూపంలో ఉండాలి. నిరీక్షణమ్మ రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంది. ఆఖరికి, పడకల మీద పడుకునే పిల్లలకు పైకప్పు గుండా నక్షత్రాలు కనబరుస్తున్నందుకు స్తోత్రాలు అని రాసింది. కాస్త బుర్రున్న వాడెవడికైనా కప్పుకు చిల్లులున్నాయని అర్థం కాకపోదని ఆవిడ ధైర్యం.

ప్రధాన కార్యాలయం వాళ్ల పత్రికలో అది మొదటి పేజీలో పడింది. నక్షత్ర దర్శన శయనాగారం అని పెద్ద అక్షరాల్లో వేశారు. మిగతా స్కూళ్లు కూడా ఇలాంటి నిర్మాణాలు చేపట్టాలని పిలుపు కూడా ఇచ్చారు.

డాక్టర్ ప్లమ్లీ గారు ఆవిణ్ణి గదికి పిలిపించి చెయ్యి కలిపారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"సహోదరీ, నీ కృతజ్ఞత ఫలించినది. ప్రధాన కార్యాలయము మన తృప్తిని గమనించినది. కొరత లేని చోటికి సామగ్రి పంపుట వ్యర్థము గనుక, మన నిమిత్తము ఉద్దేశింపబడిన దూలములును రేకులును వేరొక పాఠశాలకు మరలింపబడినవి."

"ఏ పాఠశాలకు సార్?"

"మిక్కుటముగా సణుగుచున్న పాఠశాలకు" అన్నారాయన. వాళ్ల మీద జాలిపడుతూ కళ్లు కూడా మూసుకున్నారు.

ఆవిడ ఆయన కళ్ల వంకే చూస్తూ నిలబడింది. కళ్లు మూసుకున్న మనిషి ఎంత కుదురుగా ఉంటాడో అప్పుడే ఆవిడకు తట్టింది.

మనవాళ్ల ప్రార్థన సంగతి మనకు తెలియనిది కాదు. కూడికలో లేచి కళ్లు మూసుకున్నామంటే దేవుడికి ఊళ్లో సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతాం. నీకు తెలియనిది కాదు తండ్రీ అంటూనే ఆయనకు ఒక్కటి కూడా తెలియనట్టు మొదలుపెడతాం. ఎవరి కోడలు ఎవర్ని ఏమందో, సంఘం మైకు ఎవరింట్లో ఉండిపోయిందో అన్నీ దేవుడి పేరు చెప్పి పక్కవాడి చెవిన వేస్తాం. పైగా ఆమేన్ అనే వరకు ఎంత పెద్దమనిషైనా కిమ్మనకూడదు. నిరీక్షణమ్మ తల్లి ఆ విద్యలో ఆరితేరిన మనిషి. కూతురు మాత్రం తక్కువ తిందా?

బుధవారం స్టాఫు ప్రార్థనలో ఆవిడ లేచింది.

"ప్రభువా, నీకు నేను చెప్పాలా తండ్రీ! తూర్పు వైపు దూలం చూసేవు కదా, వేలు పెడితే లోపలికి పోతంది. దాని కింద వరసలో పసిపిల్లలు పడుకుంటన్నారు తండ్రీ, వాళ్ల మీద గాలికి పొట్టు రాలతంది. మాకొచ్చే రేకులు ఎటు పోయేయో, ఎవరు పంపించేసేరో నీకు తెలుసు ప్రభువా, నేను పేర్లు చెప్పను. వానలింక ఎంతో దూరం లేవు నాయనా..."

కడుపులోంచి తన్నుకొచ్చింది తెలుగులో, అందరికీ అర్థం కావలసింది ఇంగ్లీషులో. అరగంట పట్టింది. డాక్టర్ ప్లమ్లీ గారి ముఖం కందగడ్డ అయింది. కాని ప్రార్థన మధ్యలో కళ్లు తెరవకూడదని నియమం పెట్టింది ఆయనే.

ఆవిడ ఆమేన్ అనగానే మిసెస్ బ్వాల్యా లేచి చిక్కుళ్ల సంగతి దేవుడికి విన్నవించింది. నర్సమ్మ మాత్రల సంగతి చెప్పింది. వాచ్‌మన్ తన టార్చిలైటు సంగతి ఏడుస్తూ చెప్పాడు. నెలల తరబడి బిగబట్టిన నోళ్లన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఆ స్కూల్లో అంత భక్తి అంతకు ముందెన్నడూ లేదు. సత్యానందం మాస్టారు మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన ప్రార్థన చేయలేదు, పేర్లు కూడా రాసుకోలేదు.

మర్నాడే కమిటీ కూర్చుంది. డైరెక్టరు గారు తీర్పు చదివారు.

"అడుగుట యనగా లేదని ఒప్పుకొనుట. లేదని ఒప్పుకొనుట యనగా సణుగుట. కావున ప్రార్థనలో ఇకమీదట ఏదియు అడుగరాదు."

తర్కంలో ఎక్కడా లోపం లేదు. లోపం ఉందనడానికి వీల్లేదు కూడా. అప్పుడు ఎవరికో అనుమానం వచ్చింది, రోజూ అందరూ కలిసి చెప్పే ప్రభువు ప్రార్థన మాటేమిటని. కమిటీ మళ్లీ కూర్చుంది. ఏ రోజుకారోజు తిండి పెట్టమని అడగడం వంటశాల మీద పితూరీ కిందికి వస్తుందన్నారు, తీసేశారు. తప్పులు మన్నించమనడం అంటే ప్రాంగణంలో తప్పులు జరుగుతున్నాయని చాటుకోవడమే, అదీ తీసేశారు. కీడు నుంచి తప్పించమనడం భద్రతా విభాగాన్ని కించపరచడం. ఆఖరికి దేవుణ్ణి ఒకసారి పిలిచి, ఏమీ చెప్పకుండా ఆమేన్ అనేయడం మిగిలింది. పిల్లలు దాన్ని ఒక్క రోజులో నేర్చుకున్నారు. దేవుడు ఏమనుకున్నాడో మనకు తెలియదు గాని, పిలిచి ఊరుకుంటే ఎవరికైనా విసుగే.

అక్టోబరు ఎండలు ముదిరాయి. ఆకాశం బరువెక్కింది. నిరీక్షణమ్మ చేయగలిగింది చేసింది. తూర్పు వరస పడకలు లాగి పడమటి వైపు ఇరికించింది. పిల్లలు ఇద్దరేసి ఒకే పడకలో పడుకునేవారు. డైరెక్టరు గారు చూసి, ఐక్యత పెరిగినందుకు స్తోత్రం చెప్పి వెళ్లారు. ఆ రోజు ఆవిడ ఇంటికొచ్చి చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సత్యానందం మాస్టారు గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఎందుకేడుస్తన్నావు?" అని అడిగాడు.

"ఆనందంతోనండీ. రాసుకోండి" అంది ఆవిడ.

నవంబరు మొదట్లో పెద్ద కబురు వచ్చింది. సంస్థలో ఉన్న స్కూళ్లన్నింటిలోకీ అత్యంత తృప్తి గల స్కూలుగా మనది ఎంపికైందట. చైర్మన్ గారే స్వయంగా వచ్చి బహుమతి ఇస్తారట. సభ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నే లేదు. పత్రికకెక్కిన నక్షత్ర దర్శన శయనాగారం ఉండగా ఇంకెక్కడ? పడకలు తీసి కుర్చీలు వేశారు. బహుమతి బల్ల తూర్పు దూలం కింద కుదిరింది. అరవైమంది పిల్లల్ని దాని ముందు వరసగా నేల మీద కూర్చోబెట్టారు.

నిరీక్షణమ్మ డైరెక్టరు గారి వెంటపడింది. "సార్, మందిరంలో పెట్టండి సార్. దండం పెడతాను."

"దండము కృతజ్ఞతకు చిహ్నము. మంచిది" అన్నారాయన.

సభ రోజు మధ్యాహ్నం చైర్మన్ గారు మైకు ముందుకు వచ్చేసరికి ఆకాశానికి చిల్లుపడింది. అతిథులు తెచ్చుకున్న గొడుగుల్ని ముందే గుమ్మం దగ్గర తీసేసుకున్నారు, గొడుగు పట్టుకోవడం వాతావరణం మీద విమర్శ అని. చైర్మన్ గారి బట్టతల మీద మొదటి చుక్క పడింది. ఆయన నవ్వారు. రెండోది పడింది. ఆయన ఇంకా నవ్వారు. ఆ తర్వాత ధార కట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, సమృద్ధి గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. డైరెక్టరు గారు తడిసి ముద్దవుతూ చప్పట్లు కొట్టారు.

తూర్పు దూలం కిర్రుమంది.

నిరీక్షణమ్మ తల పైకెత్తింది. దూలం మధ్యలో పగులు కదులుతోంది. ముందు వరస పిల్లల జుట్టు మీద పొట్టు రాలుతోంది. వాళ్లు దులుపుకోవడం లేదు. దులుపుకుంటే పేరు రాస్తారని తెలుసు. ఈ సంగతి కృతజ్ఞతా రూపంలో చెప్పడానికి ఆవిడ ఒక్క క్షణం నిజంగానే వెతికింది. దొరకలేదు.

"కప్పు పడిపోతోంది! లేవండి, బయటికి పరిగెత్తండి!" అని అరిచింది.

ఒక్కరూ కదల్లేదు. ఆరు నెలలుగా అలాంటి మాట ఎవరూ విని ఉండలేదు మరి. పిల్లలూ టీచర్లూ అతిథులూ అందరూ కలిసి ఆనంద పర్యవేక్షకుడి వైపు తిరిగారు, ఆయన ఏం రాసుకుంటాడోనని.

సత్యానందం మాస్టారు లేచి నిలబడ్డాడు. పెన్ను చేతిలో ఉంది. పైకి చూశాడు, భార్యను చూశాడు.

"చెబుతుంటే వినపడట్లేదా మీకు! లేవండర్రా!" అని కేకవేసి పెన్ను అవతల పారేశాడు. ముందు వరసలో అందిన పిల్లని అందినట్టు రెక్క పట్టుకుని గుమ్మం వైపు నెట్టాడు. ఆ మనిషికి అంత గొంతు ఉందని ఆయన భార్యకు కూడా తెలియదు. అప్పుడు లేచారు పిల్లలు. కుర్చీలు తిరగబడ్డాయి, చైర్మన్ గారు మైకుతో సహా బయటపడ్డారు. డాక్టర్ ప్లమ్లీ గారొక్కరే చేతులు చాచి, కూర్చుండుడి, ఆనందించుడి అంటున్నారు. మాస్టారు వెనక్కి వెళ్లి ఆయన్ని కాలరు పట్టుకుని లాక్కొచ్చాడు.

దూలం బల్ల మీద పడింది. దాని వెనకే రేకులు. అద్దాల బహుమతి పిండి పిండయింది. పిల్లల్లో ఒక్కరికీ గీత కూడా పడలేదు. నిరీక్షణమ్మ వానలో నిలబడి తలలు లెక్కపెట్టింది, లెక్క తప్పిందేమోనని భయపడి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

మూడేళ్ల పోరుకు రాని రేకులు, చైర్మన్ గారు అంతకు నిమిషం ముందు నిలబడ్డ చోట ఓ దూలం పడేసరికి వారంలో వచ్చాయి. ఈలోపు విచారణ కమిటీ తన పని పూర్తిచేసింది. పడే ముందు కప్పు కిర్రుమన్నట్టు సాక్ష్యాలున్నాయి. అంటే ప్రాంగణ నియమాన్ని ఉల్లంఘించి సణిగింది కప్పే. దాన్ని ఎటూ తీసేశారు కాబట్టి శిక్ష కూడా పూర్తయినట్టే. ఇక నిరీక్షణమ్మ అరుపు మిగిలింది. ఓ పితూరీ వల్ల అరవైమంది బతికారని రికార్డులో రాయడం కుదరదు. కాబట్టి ఆవిడ అన్నది పైకప్పు దిగి వస్తున్నందుకు స్తోత్రం అని కమిటీ నిర్ధారించింది. కొత్త కప్పు ప్రతిష్ఠ రోజున ఆవిడే ఆ ముక్క అందరి ముందూ చదవాలి.

ఆ రోజు హాలంతా కొత్త కలప వాసన. చైర్మన్ గారు ఈసారి గుమ్మానికి దగ్గరగా కుర్చీ వేయించుకున్నారు. డైరెక్టరు గారు కాగితం ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ అందులోకి చూసింది, పిల్లల వంక చూసింది. కాగితం మడిచి పక్కన పెట్టింది.

"నేను స్తోత్రం చెప్పలేదు సార్. కప్పు పడిపోతందని చెప్పేను. మూడేళ్ల నుంచీ అదే చెబుతన్నాను."

"సహోదరీ, నీవు సణుగుచున్నావా?" అన్నారు డాక్టర్ ప్లమ్లీ గారు.

"అవునండీ" అంది నిరీక్షణమ్మ.

ఆయన ఆనంద పర్యవేక్షకుడి కోసం చూశారు. సత్యానందం మాస్టారు వెనక బెంచీ మీంచి లేచాడు. చొక్కాకు రిబ్బను లేదు.

"పప్పుచారులో ఉప్పు లేదండీ. చాలా రోజుల్నుంచీ లేదు" అన్నాడాయన తెలుగులో. పెళ్లానికి తప్ప ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఇంగ్లీషులోకి మారి, తన క్లాసులో సగంమందికి ఎక్కాలు రావని, ఆ తప్పు తనదేనని కూడా చెప్పాడు.

అప్పుడు పిల్లల్లోంచి ఓ చెయ్యి లేచింది. చిక్కుళ్లలో పురుగులున్నాయి మేడమ్ అంది ఆ అమ్మాయి. ఇంకో చెయ్యి లేచింది, స్నానాల గదికి గడియ లేదని. ఇంకోటి, పన్ను నొప్పని. ఆ తర్వాత చేతులు ఎత్తడం కూడా మానేసి అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు. డైరెక్టరు గారు బల్ల గుద్దుతున్నారు, ఎవరూ వినడం లేదు. మాస్టారు సుద్దముక్క తీసుకుని, ఒక్కొక్కరే చెప్పండమ్మా అంటూ గోడ మీదే రాసుకోవడం మొదలుపెట్టాడు. చైర్మన్ గారు కుర్చీ గుమ్మానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నారు.

అన్నీ అయ్యాక ముందు వరసలో లుయాండో అనే ఏడేళ్ల పిల్ల మిగిలింది. జనవరిలోనే చేరింది. కొత్త నియమం వచ్చాక నవ్వు ముఖానికి పెట్టిన మొదటి బహుమతి ప్రతి నెలా ఆ పిల్లకే వస్తోంది.

"నీకేం కావాలమ్మా?" అంది నిరీక్షణమ్మ.

"నాకు ఇంటికి వెళ్లాలనుంది" అంది పిల్ల. అని, నవ్వుతున్న ముఖంతోనే ఏడవడం మొదలుపెట్టింది.

గోడ దగ్గర మాస్టారి చెయ్యి ఆగిపోయింది. నిరీక్షణమ్మ వచ్చి నేల మీద ఆ పిల్ల పక్కన చతికిలబడి, తలను ఒళ్లోకి తీసుకుంది.

"నాకూ ఉందే తల్లీ" అంది.